ప్రయోగశాలలో కొలత దోషాలను ఎలా గుర్తించాలి, ఎలా లెక్కకట్టాలి, ఎలా రాయాలి

లఘులోలకంతో గురుత్వ త్వరణాన్ని కనుక్కొనే ప్రయోగంలో ఒక విద్యార్థి తన ఫలితాన్ని 9.781374 మీ/సె² అని రాశాడనుకుందాం. గుణకార భాగహారాల్లో ఎక్కడా తప్పు లేదు, సూత్రమూ సరైనదే. అయినా ఆ ఫలితం అసంపూర్ణం, ఎందుకంటే ఆ ఏడు అంకెల్లో ఎన్ని నమ్మదగినవో, ఎన్ని కాలిక్యులేటర్ తెరమీద ఊరికే వచ్చి చేరినవో అతను చెప్పలేదు. అదే ప్రయోగాన్ని అవే పరికరాలతో చేసి 9.78 ± 0.03 మీ/సె² అని రాసిన విద్యార్థి తక్కువ అంకెలు రాసినా, మనకు ఎక్కువ సమాచారం ఇచ్చాడు. ఆ ± తరువాత వచ్చే సంఖ్యను నిజాయితీగా ఎలా సంపాదించాలో, దాన్ని తగ్గించాలంటే ఎక్కడ శ్రమపడాలో ఈ లోలకాన్నే తోడు తీసుకుని దశలవారీగా చూద్దాం.

మొదట మాటలను విడదీసుకోండి

కొలత విషయంలో దోషం వేరు, పొరపాటు వేరు. స్కేలుపై 24 ఉన్నచోట 42 అని రాసుకోవడం పొరపాటు; జాగ్రత్తపడితే అది లేకుండా చేసుకోవచ్చు. దోషం అలాంటిది కాదు. ఎంత జాగ్రత్తగా కొలిచినా కొలిచిన విలువకూ అసలు విలువకూ మధ్య కొంత తేడా మిగులుతుంది, దాన్ని తగ్గించగలమే తప్ప పూర్తిగా పోగొట్టలేం. ఆ తేడా సరిగ్గా ఎంతో మనకు తెలియదు, తెలిస్తే సవరించేసేవాళ్లమే. అది ఎంతవరకు ఉండవచ్చో అంచనా వేసి చెప్పే హద్దునే అనిశ్చితి అంటాం. పాఠ్యపుస్తకాలు ఈ రెండింటినీ దోషమనే పిలుస్తాయి కాబట్టి నేనూ చాలాచోట్ల అదే మాట వాడతాను, కానీ ఈ భేదాన్ని మనసులో ఉంచుకోండి.

దోషాలు ప్రధానంగా రెండు రకాలు. మళ్లీ మళ్లీ కొలిచినప్పుడు ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వచ్చే తేడాలు యాదృచ్ఛిక దోషాలు. ఎన్నిసార్లు కొలిచినా ఒకే వైపుకు లాగేవి క్రమ దోషాలు. మొదటిరకం రీడింగుల చెదురులోనే కనబడుతుంది, ఎక్కువ రీడింగులు తీసుకుని సగటు కడితే తగ్గుతుంది. రెండోరకం రీడింగుల్లో కనబడదు, వెయ్యిసార్లు కొలిచి సగటు కట్టినా ఆవగింజంత కూడా తగ్గదు. ప్రయోగశాలలో జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయాన్ని మరచిపోవడం వల్లనే జరుగుతుందని నా నమ్మకం.

దీని నుంచే మరో జంట మాటలు పుడతాయి. రీడింగులు ఒకదానికొకటి ఎంత దగ్గరగా వస్తున్నాయో, పరికరం ఎంత సన్నని తేడాను పట్టుకోగలదో చెప్పేది ఖచ్చితత్వం, అంటే ప్రెసిషన్. కొలిచిన విలువ అసలు విలువకు ఎంత దగ్గరగా ఉందో చెప్పేది యథార్థత, అంటే అక్యూరసీ. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. 1990లో అంతరిక్షంలోకి పంపిన హబుల్ టెలిస్కోపు ప్రధాన దర్పణాన్ని ఎంతో సూక్ష్మంగా, నునుపుగా అరగదీశారు, కానీ ఆ ఆకృతిని పరీక్షించే పరికరంలో ఒక కటకం ఉండవలసిన చోటు నుంచి దాదాపు 1.3 మిల్లీమీటర్లు తప్పి ఉంది. ఫలితంగా దర్పణం అంచు దాదాపు 2.2 మైక్రోమీటర్ల మేర ఎక్కువ చదునుగా తయారైంది, దూరపు నక్షత్రాలు మసకగా కనబడ్డాయి. వేరే సాదా పరీక్షలు ఆ లోపాన్ని ముందే చూపాయి. అవి అంత సూక్ష్మమైనవి కావన్న కారణంతో వాటిని పక్కన పెట్టారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సరిచేసే దర్పణాలను అమర్చేదాకా ఆ ఇబ్బంది తీరలేదు. సూక్ష్మమైన పరికరం చెప్పినదాన్ని ముతక పరికరం కాదన్నప్పుడు, ముతకదాన్ని తోసిపుచ్చే ముందు ఆ కాదనడానికి కారణం వెతకండి.

పరికరాన్ని చేతిలోకి తీసుకోగానే చేయవలసినవి

ముందుగా పరికరపు కనీసపు కొలతను, అంటే అది చూపగల అతిచిన్న విలువను, మీరే కనుక్కోండి. నిరుడు వాడిన పరికరం లాంటిదే కదా అని పాత విలువను ఎత్తిరాయవద్దు. సాధారణ వెర్నియర్ కాలిపర్స్‌లో వెర్నియర్ స్కేలుపై 10 విభాగాలు ప్రధాన స్కేలుపై 9 మిల్లీమీటర్లకు సమానంగా ఉంటాయి కనుక కనీసపు కొలత 0.1 మి.మీ. అవుతుంది. కానీ 0.05 లేదా 0.02 మి.మీ. చూపేవీ వాడుకలో ఉన్నాయి. స్క్రూగేజిలో తలను ఒక పూర్తి చుట్టు తిప్పితే స్క్రూ ఎంత జరుగుతుందో చూసి, ఆ పిచ్‌ను తల స్కేలు విభాగాల సంఖ్యతో భాగించండి. పిచ్ 1 మి.మీ., విభాగాలు 100 అయితే కనీసపు కొలత 0.01 మి.మీ.

రెండోది శూన్యాంశ దోషం. కొలవవలసిన వస్తువును పెట్టకముందే దవడలను మూసి, రెండు సున్నాలు కలుస్తున్నాయో లేదో చూడండి. కలవకపోతే ఆ తేడాను గుర్తుతో సహా రాసుకోండి. కాలిపర్స్ మూసినప్పుడు వెర్నియర్ సున్నా ప్రధాన స్కేలు సున్నాకు కుడివైపున ఉంటే దోషం ధనాత్మకం, దాన్ని ప్రతి రీడింగు నుంచి తీసివేయాలి. ఎడమవైపున ఉంటే ఋణాత్మకం, అప్పుడు కలపాలి. ఈ రెండో సందర్భంలో చాలామంది తడబడతారు. కనీసపు కొలత 0.1 మి.మీ. ఉన్న కాలిపర్స్‌లో వెర్నియర్ సున్నా ఎడమకు జరిగి, ఎనిమిదో గీత ప్రధాన స్కేలు గీతతో కలిసిందనుకోండి. దోషం −0.8 మి.మీ. కాదు. పది నుంచి ఎనిమిది తీసివేయగా వచ్చిన రెండు విభాగాలే అసలు జరుగుడు, కాబట్టి దోషం −0.2 మి.మీ., ప్రతి రీడింగుకూ 0.2 మి.మీ. కలపాలి.

ఈ సవరణ చిన్నదే కదా అనుకునేవారికి ఒక ఉదాహరణ. సన్నని తీగ వ్యాసాన్ని స్క్రూగేజితో కొలిస్తే ప్రధాన స్కేలు 0, తల స్కేలు 49 చూపింది, అంటే 0.49 మి.మీ. కానీ స్క్రూ కొనను ఎదుటి దిమ్మకు ఆనించినప్పుడు తల స్కేలు సున్నా సూచీరేఖకు దిగువన ఆగి, 3వ గీత రేఖతో కలిసింది. సవరించిన వ్యాసం 0.46 మి.మీ. తీగ మధ్యచ్ఛేద వైశాల్యం వ్యాసపు వర్గం మీద ఆధారపడుతుంది కనుక, సవరణ మరచినవారి నిరోధకత విలువ దాదాపు 13 శాతం ఎక్కువగా వస్తుంది. తీగ పొడవును, ప్రవాహాన్ని, వోల్టేజిని ఎంత శ్రద్ధగా కొలిచినా ఆ 13 శాతాన్ని అవి పూడ్చలేవు.

స్క్రూగేజిని ఎప్పుడూ రాచెట్, అంటే తల చివర ఉండే చిన్న పిడి, పట్టుకునే తిప్పండి. తలను నేరుగా పట్టి బిగిస్తే తీగ నొక్కుకుపోతుంది. మర్లలో ఉండే వదులు వల్ల దిశ మార్చిన వెంటనే తల కొంచెం తిరిగినా స్క్రూ కదలదు కాబట్టి, చివరి రీడింగుకు ఎప్పుడూ ఒకే దిశలో తిప్పుతూ చేరుకోండి. తీగ నిండు గుండ్రంగా ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకుండా, ఒక్కొక్క చోట పరస్పరం లంబంగా ఉండే రెండు దిశల్లో, అలా మూడు నాలుగు చోట్ల కొలవండి.

మిగతా పరికరాల సంగతి క్లుప్తంగా చెబుతాను. సూచిక ముల్లు ఉన్న మీటరును ఎదురుగా నిలబడి చూడాలి. ముల్లు వెనుక అద్దపు పట్టీ ఉంటే, ముల్లూ దాని ప్రతిబింబమూ ఒకటయ్యేలా తలను సర్దుకుని చదవాలి. పక్కనుంచి చూస్తే వచ్చే తేడానే దృష్టివిక్షేప దోషం. బ్యూరెట్‌లో రంగులేని ద్రావణానికి ద్రవతలపు అడుగు వంపును కంటి ఎత్తులో చదవాలి, కొనలో గాలిబుడగ లేకుండా ముందే వదిలెయ్యాలి. త్రాసు సమతలంగా ఉండాలి, వేడి వస్తువును దానిపై పెట్టకూడదు. వేడికి పైకి లేచే గాలి వల్ల వస్తువు తేలికగా తూగుతుంది. థర్మామీటరును కరుగుతున్న మంచులో ఉంచి సున్నా సరిచూడవచ్చు, కానీ మరిగే నీటిలో 100 డిగ్రీలు చూపడం లేదని దాన్ని తప్పుపట్టే ముందు ఆ చోటి వాతావరణ పీడనాన్ని లెక్కలోకి తీసుకోండి, ఎత్తైన ప్రదేశంలో నీరు అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతకే మరుగుతుంది.

డిజిటల్ పరికరం విషయంలో మాత్రం కొంచెం ఆగాలి. తెరపై చివరి అంకె ఎంత సన్ననిదైనా అది ప్రెసిషన్‌నే చెబుతుంది, యథార్థతను తయారీదారు ఇచ్చిన పత్రం చెబుతుంది. మల్టీమీటరు పత్రంలో ±(0.5 శాతం + 2 అంకెలు) అని ఉందనుకోండి. 20 వోల్టుల శ్రేణిలో అది 5.00 వోల్టులు చూపితే, 0.5 శాతం అంటే 0.025 వోల్టు, చివరి స్థానంలో రెండు అంకెలంటే 0.02 వోల్టు, కలిపితే సుమారు 0.05 వోల్టు. తెర 0.01 వోల్టు వరకు చూపుతున్నా మీరు రాయవలసింది 5.00 ± 0.05 వోల్టులు.

ఒక్క రీడింగుకు ఎంత దోషం రాయాలి?

గీతలున్న స్కేలుకు కనీసపు కొలతలో సగాన్ని దోషంగా తీసుకోవడం వాడుక. అది మంచి ఆరంభమే, కానీ గుడ్డిగా వాడవద్దు. మీటరు స్కేలుతో పొడవు కొలిచేటప్పుడు రెండు కొనల్లోనూ చదువుతాం కనుక రెండు సగాలు కలిసి ఒక మిల్లీమీటరు అవుతుంది. అంతకంటే ముఖ్యమైన విషయం, కొలిచే వస్తువుకే అంచు స్పష్టంగా లేకపోతే స్కేలు సూక్ష్మత అక్కరకు రాదు. లోలకపు దారం పట్టుబిళ్లల మధ్య ఎక్కడినుంచి ఊగడం మొదలవుతుందో జాగ్రత్తగా చూస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల సందేహం మిగులుతుంది. అలాంటప్పుడు స్కేలు దోషం 0.5 మి.మీ. అని రాయడం కంటే, నా సందేహం 2 మి.మీ. అని ఒప్పుకోవడమే సరైన శాస్త్రం.

మా లోలకం విషయంలో పట్టు నుంచి గోళం పైభాగం వరకు దారం 98.8 సెం.మీ., కాలిపర్స్‌తో కొలిచిన గోళపు వ్యాసం 2.42 సెం.మీ., అంటే వ్యాసార్ధం 1.21 సెం.మీ. లోలకం పొడవు 100.0 ± 0.2 సెం.మీ. ఇక్కడ వ్యాసార్ధాన్ని 0.01 సెం.మీ. లోపు దోషంతో తెలుసుకున్నా దారం పొడవులోని 0.2 సెం.మీ. సందేహమే మొత్తాన్ని ఏలుతోంది. గోళానికి కాలిపర్స్ బదులు స్క్రూగేజి వాడి ఉంటే శ్రమ తప్ప మరేమీ దక్కేది కాదు.

కాలాన్ని కొలిచేటప్పుడు చేయి, కన్ను, లెక్క

స్టాప్‌వాచ్ సెకనులో నూరోవంతు చూపుతుంది. దాన్ని నొక్కే వేలు మాత్రం అంత సూక్ష్మమైనది కాదు. జాగ్రత్తగా చేసినా నొక్కుడులో సెకనులో పదోవంతు అటూ ఇటూ చెదురు ఉంటుందనుకోవడం సమంజసం. ఒకే ఒక్క డోలనాన్ని, అంటే దాదాపు 2 సెకన్లను కొలిస్తే ఆ పదోవంతు 5 శాతం దోషమవుతుంది. సూత్రంలో కాలం వర్గంగా ఉంది కనుక గురుత్వ త్వరణంలో 10 శాతం. 20 డోలనాలను కలిపి కొలిస్తే అదే పదోవంతు 40 సెకన్లకు పంచబడి 0.25 శాతానికి దిగుతుంది. కొత్త పరికరం కొనలేదు, కొలిచే పద్ధతి మార్చామంతే.

గోళం చివరి బిందువు దగ్గర కాకుండా మధ్యస్థానాన్ని దాటేటప్పుడు వాచీ నొక్కండి. చివర గోళం నెమ్మదించి, క్షణం నిలిచినట్టుండి, తిరిగి వస్తుంది. అది ఆగినది ఏ క్షణంలోనో కన్ను తేల్చలేదు. మధ్యలో దాని వేగం గరిష్ఠం, అందువల్ల దారం వెనుక నిలిపిన నిలువు గీతను అది దాటే క్షణం పదునుగా కనబడుతుంది. ఎప్పుడూ ఒకే దిశలో దాటడాన్నే లెక్కించండి.

లెక్కను సున్నాతో మొదలుపెట్టండి. వాచీ నొక్కే క్షణంలో నోటితో "సున్నా" అనాలి, తరువాతి దాటుడుకు "ఒకటి". నొక్కుతూ "ఒకటి" అన్నవారు ఇరవై అనేసరికి నిజానికి జరిగింది 19 డోలనాలే. వారి డోలనావర్తన కాలం 5 శాతం తక్కువగా, గురుత్వ త్వరణం దాదాపు 10.8గా వస్తుంది. ఫలితం 10.8 దగ్గరో, లెక్కలో ఒకటి వదిలేసి 21 డోలనాలను 20 అనుకుంటే వచ్చే 8.9 దగ్గరో తేలితే, గాలి నిరోధం మీద నెపం వేయకుండా ముందుగా మీ లెక్కింపును అనుమానించండి. ఇలాంటి పొరపాట్లకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క వేలిముద్ర ఉంటుంది, వాటిని ముందే లెక్కగట్టి పెట్టుకోవడం ఎంతో మేలు చేస్తుంది.

వాచీని మొదలుపెట్టేవారు, ఆపేవారు ఒక్కరే కావాలి. 1796లో గ్రీనిచ్ వేధశాలలో నెవిల్ మాస్కెలిన్ తన సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్‌ను పనిలోంచి తొలగించాడు. నక్షత్రం దూరదర్శినిలోని గీతను దాటే సమయాన్ని అతను తనకంటే సుమారు 0.8 సెకన్లు ఆలస్యంగా నమోదు చేస్తున్నాడన్నది కారణం. తరువాతి కాలంలో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్ పరిశీలించి, అనుభవజ్ఞులైన పరిశీలకుల మధ్య కూడా ఇలాంటి స్థిరమైన తేడాలు ఉంటాయని చూపాడు. తీరా చూస్తే అది ఆ సహాయకుడి అశ్రద్ధ కానే కాదు, మనిషికీ మనిషికీ ఉండే క్రమ దోషం. ఒకే మనిషి నొక్కి, ఒకే మనిషి ఆపితే రెండువైపులా ఉన్న ఆలస్యం చాలావరకు చెల్లిపోతుంది.

రీడింగుల నుంచి సగటు, చెదురు

20 డోలనాలకు ఐదుసార్లు తీసిన రీడింగులు 40.12, 40.31, 40.05, 40.22, 40.20 సెకన్లు. సగటు 40.18 సెకన్లు. సగటు నుంచి ఒక్కొక్కదాని తేడాలు −0.06, +0.13, −0.13, +0.04, +0.02. వీటిని గుర్తులతో కూడితే సున్నా రావాలి, రాకపోతే సగటు తప్పింది. గుర్తులు వదిలి సగటు తీస్తే సుమారు 0.08 సెకన్లు, ఇది మధ్యమ పరమ దోషం. పాఠశాల, ఇంటర్ స్థాయి రికార్డుకు ఇది సరిపోతుంది.

ఆపైన చదివేవారు ప్రామాణిక విచలనం లెక్కించాలి. తేడాల వర్గాల మొత్తం 0.0394, దాన్ని రీడింగుల సంఖ్యకంటే ఒకటి తక్కువైన 4తో భాగించి వర్గమూలం తీస్తే 0.10 సెకన్లు. ఇది ఒక్కొక్క రీడింగులోని చెదురు, పైన వేలి గురించి వేసిన అంచనాతో చక్కగా సరిపోయింది. సగటులోని అనిశ్చితి దీనికంటే తక్కువ, 0.10ని రీడింగుల సంఖ్య వర్గమూలంతో, అంటే √5తో భాగిస్తే 0.04 సెకన్లు. కాబట్టి 20 డోలనాల కాలం 40.18 ± 0.04 సెకన్లు, ఒక డోలనానికి 2.009 ± 0.002 సెకన్లు. ఈ వర్గమూలాన్ని గమనించండి. అనిశ్చితిని సగానికి తగ్గించాలంటే రీడింగులు నాలుగు రెట్లు, పదోవంతుకు తగ్గించాలంటే నూరు రెట్లు కావాలి. ఒక హద్దు దాటాక రీడింగులు పెంచడం కంటే పద్ధతి మార్చడమే మేలు.

ఐదు రీడింగుల్లో ఒకటి మిగతావాటికి దూరంగా, 38.2 అని వస్తే ఏం చేయాలి? చెరపవద్దు. దానిమీద ఒకే గీత గీసి, కింద అంకె కనబడేలా ఉంచి, పక్కన కారణం రాయండి. 19 డోలనాలకే వాచీ ఆపేశామని తేలితే దాన్ని సగటులోంచి తీసేయడం న్యాయం. నచ్చలేదన్నది మాత్రం కారణం కాదు. ఐదు రీడింగులూ నూరోవంతు సెకను వరకు ఒకేలా ఉన్న రికార్డును చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే చేతితో నొక్కే వాచీతో అలా రావడం దాదాపు అసాధ్యం, ఆ విద్యార్థి ఎవరికో భయపడి తన చెదురును దాచుకున్నాడు. చెదురులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, మీ ± వచ్చేది దానిలోంచే.

దోషాలను కలిపి చివరి ఫలితానికి చేర్చడం

రెండు కొలతలను కూడినా తీసివేసినా వాటి పరమ దోషాలను కూడాలి. గుణించినా భాగించినా సాపేక్ష దోషాలను, అంటే దోషాన్ని కొలతతో భాగించగా వచ్చే నిష్పత్తులను కూడాలి. ఘాతం ఉంటే సాపేక్ష దోషాన్ని ఆ ఘాతంతో గుణించాలి. ఇది గరిష్ఠ దోషాన్ని ఇస్తుంది. దోషాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే అన్నీ ఒకేసారి ఒకేవైపు లాగడం అరుదు కనుక, వాటి వర్గాలను కూడి వర్గమూలం తీయడం మరింత వాస్తవికం.

లోలకానికి సూత్రం g = 4π²L/T², ఇందులో g గురుత్వ త్వరణం, L లోలకం పొడవు, T ఒక డోలనానికి పట్టే కాలం. పొడవులో దోషం 0.2 శాతం. కాలంలో 0.11 శాతం, వర్గం ఉంది కనుక రెట్టింపై 0.22 శాతం. నేరుగా కూడితే 0.42 శాతం, వర్గాల పద్ధతిలో 0.30 శాతం. కాలిక్యులేటర్ 9.781374 చూపింది, అందులో 0.30 శాతం 0.029. దోషాన్ని ఒక సార్థక అంకెకు సవరించి 0.03 అని, ఫలితాన్ని అదే దశాంశ స్థానం వరకు కుదించి 9.78 ± 0.03 మీ/సె² అని రాయాలి. మధ్యలోని లెక్కల్లో అంకెలు కుదించవద్దు, చివర్లోనే కుదించండి.

తీసివేత ఉన్న ప్రయోగాల్లో ప్రత్యేకంగా జాగ్రత్తపడండి. కెలోరీమాపకంలో నీటి ఉష్ణోగ్రత 28.5 నుంచి 31.0 డిగ్రీలకు పెరిగింది, ఒక్కొక్క రీడింగులో దోషం 0.5 డిగ్రీ అనుకోండి. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటి రెండు శాతం లోపే. కానీ పెరుగుదల 2.5 డిగ్రీలు, దానిలో దోషం 1 డిగ్రీ, అంటే 40 శాతం. రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడా మీద నిలబడిన ప్రయోగమంతా ఇంతే. ఎక్కువ వేడి ఇచ్చి పెరుగుదలను 15 డిగ్రీలకు చేరిస్తే అదే థర్మామీటరుతో దోషం 7 శాతం లోపుకు దిగుతుంది, అయితే అప్పుడు పరిసరాలకు పోయే వేడి ఎక్కువవుతుంది కనుక దాన్ని విడిగా సవరించుకోవాలి. రసాయన ప్రయోగంలోనూ ఇదే తీరు. బ్యూరెట్ రెండు రీడింగుల్లో కలిపి 0.1 మి.లీ. దోషం ఉంటే, 5 మి.లీ. మాత్రమే వాడిన అంశమాపనంలో (టైట్రేషన్‌లో) అది 2 శాతం, 25 మి.లీ. వాడినదానిలో 0.4 శాతం. ద్రావణాల గాఢతలను ఎంచుకునేటప్పుడే దీన్ని ఆలోచించాలి.

ఈ లెక్కను ప్రయోగం ముగిశాక కాదు, మొదలుపెట్టే ముందే ఒకసారి ఉజ్జాయింపుగా వేసి చూసుకోండి. ఏ కొలత ఎక్కువ దోషాన్ని తెస్తుందో అప్పుడే తెలుస్తుంది, మీ సమయాన్ని దానిమీదే పెట్టగలుగుతారు.

క్రమ దోషాల వేట

ఇంతవరకు లెక్కించిన 0.03 ఎక్కువగా యాదృచ్ఛిక దోషాల సంగతే చెబుతుంది. క్రమ దోషాలకు సూత్రం లేదు, వాటిని వెతికి పట్టుకోవాలి. గోళం వ్యాసార్ధాన్ని కలపడం మరచి పొడవును 98.8 సెం.మీ. అనుకుంటే ఫలితం 9.66 ± 0.03 వస్తుంది. చెదురు అంతే చిన్నది, రీడింగులు అంతే అందంగా ఉన్నాయి, విలువ మాత్రం తప్పింది.

వెతకడానికి నాకు తెలిసిన అత్యుత్తమ మార్గం కొలిచే పరిస్థితిని కావాలని మార్చడం. లోలకం పొడవును 60 నుంచి 140 సెం.మీ. వరకు మారుస్తూ, దారం పొడవు క్షితిజాక్షంపై, T² నిలువు అక్షంపై ఉండేలా రేఖాపటం గీయండి. వ్యాసార్ధం మరచినా, పట్టుబిందువును తప్పుగా గుర్తించినా పొడవులన్నీ ఒకే మొత్తంలో తప్పుతాయి కనుక, సరళరేఖ మూలబిందువు గుండా పోకుండా పక్కకు తప్పుకుంటుంది, కానీ దాని వాలు మారదు. వాలు నుంచి లెక్కించిన గురుత్వ త్వరణం ఆ దోషం నుంచి బయటపడుతుంది. పైగా రేఖ క్షితిజాక్షాన్ని సున్నాకు ఎడమవైపు 1.2 సెం.మీ. దగ్గర ఖండిస్తే, దాగి ఉన్న వ్యాసార్ధమే అక్కడ కనబడుతుంది.

డోలన పరిమితిని కూడా మార్చి చూడండి. సూత్రం చిన్న కోణాలకే వర్తిస్తుంది. నిలువు నుంచి 10 డిగ్రీల వరకు ఊగితే ఆవర్తన కాలం దాదాపు 0.2 శాతం, 20 డిగ్రీలకు దాదాపు 0.8 శాతం పెరుగుతుంది. రెండో సందర్భంలో ఫలితం 1.5 శాతం పడిపోతుంది, అది మన ±కి ఐదు రెట్లు. 5 డిగ్రీల లోపు ఉంచితే ఆ ప్రభావం 0.05 శాతానికి మించదు.

పరికరాన్ని మార్చడం, మనిషిని మార్చడం, పద్ధతిని మార్చడం కూడా ఇదే కోవలోవి. ఇతరుల విలువను అరువు తెచ్చుకున్నప్పుడు దానిలోని దోషం కూడా మీదవుతుందని మరవవద్దు. నూనె చుక్కల ప్రయోగంతో ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలిచిన మిల్లికన్ 1913లో ప్రకటించిన విలువ నేటి విలువ కంటే సుమారు 0.6 శాతం తక్కువ, అది ఆయన చెప్పుకున్న అనిశ్చితికి మించిన తేడా. చుక్కల వేగాన్ని ఆయన ఎంతో శ్రద్ధగా కొలిచాడు, గాలి స్నిగ్ధతకు, అంటే దాని జిగటతనానికి, వాడిన విలువలో ఉంది లోపం.

ఫలితాన్ని పోల్చడం, రికార్డులో రాయడం

పుస్తకంలోని విలువతో పోల్చేటప్పుడు తేడా ఎంత అని కాదు, తేడా మీ అనిశ్చితికి ఎన్ని రెట్లు అని అడగండి. 9.78 ± 0.03కీ 9.81కీ తేడా ఒక్క రెట్టే, రెండూ పొసగుతున్నాయి. 9.66 ± 0.03 అయితే తేడా ఐదు రెట్లు, కారణం వెతకక తప్పదు. అసలు 9.81 అన్నది కూడా అన్నిచోట్లా ఒకటి కాదు, సముద్రమట్టం వద్ద భూమధ్యరేఖపై సుమారు 9.780, ధ్రువాల దగ్గర సుమారు 9.832 ఉంటుంది. మీరున్న చోటి విలువతో పోల్చుకోండి.

పొసగకపోతే రీడింగులను సర్దకండి. 1890లలో లార్డ్ రేలీ నైట్రోజన్ సాంద్రతను కొలుస్తూ, ఒకే గోళాన్ని గాలి నుంచి తీసిన నైట్రోజన్‌తో నింపితే సుమారు 2.310 గ్రాములు, రసాయన సంయోగాల నుంచి తీసినదానితో నింపితే సుమారు 2.299 గ్రాములు తూగడం గమనించాడు. తేడా అర శాతమే. కానీ ఆయన కొలతల చెదురు దానికంటే ఎంతో తక్కువని ఆయనకు తెలుసు గనుక దాన్ని దోషమని కొట్టిపారేయలేదు. విలియం రామ్సేతో కలిసి ఆ తేడాను వెంటాడితే 1894లో ఆర్గాన్ బయటపడింది. 1904లో రేలీకి భౌతికశాస్త్రంలో, రామ్సేకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి. తన ± తెలియనివాడికి ఆ 0.011 గ్రాము మామూలు దోషంలాగే కనబడి ఉండేది.

రికార్డులో పరికరం పేరు, కనీసపు కొలత, శూన్యాంశ దోషం, సవరించని రీడింగు, సవరించిన రీడింగు విడివిడిగా ఉండాలి, అప్పుడే సవరణలో తప్పు జరిగితే మరొకరు పట్టుకోగలరు. దోషాలకు కారణాలు అన్న శీర్షిక కింద మానవ తప్పిదాలు, గాలి నిరోధం, పరికర లోపాలు అని మూడు మాటలు రాసి ముగించవద్దు. ఏ దోషం, ఎంత, ఏ వైపుకు అన్న మూడింటినీ చెప్పండి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "దారం పట్టుబిందువును 2 మి.మీ. లోపు గుర్తించలేకపోయాం, దీనివల్ల ఫలితంలో 0.2 శాతం అనిశ్చితి వచ్చింది. చేతితో వాచీ నొక్కడం వల్ల 0.22 శాతం. డోలన కోణం 5 డిగ్రీల లోపు ఉంచాం కనుక దాని ప్రభావం వల్ల ఫలితం 0.1 శాతం మించి తగ్గదు, అందుచేత సవరించలేదు. గోళం వ్యాసార్ధంలోని దోషం వీటన్నిటికంటే చాలా చిన్నది."